పూల చదరాలతో పల్చటి క్రోషే స్వెటర్: దారం కొనడం నుంచి అంచు కట్టడం దాకా

ఈ స్వెటర్‌లో కుట్లు పెంచడం, తగ్గించడం అనే పని ఎక్కడా లేదు. చంక, మెడ, చేతులు అన్నీ ఒక చోట చదరం పెట్టడం, మరో చోట పెట్టకపోవడంతోనే ఏర్పడతాయి. మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు ఉన్న 94 చదరాలను ఒకే కొలతలో అల్లి, అల్లుతూనే ఒకదానికొకటి అతికితే భుజం కిందికి జారే వదులు స్వెటర్ వస్తుంది. చేతులు మోచేతి కిందికి వస్తాయి. ఛాతీ చుట్టుకొలత 90 నుంచి 98 సెం.మీ. ఉన్నవాళ్లకు సరిపోతుంది. మొత్తం బరువు దాదాపు 250 గ్రాములు.

చైన్, స్లిప్ స్టిచ్, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే వస్తే చాలు. కష్టమంతా ఓపికలో ఉంది. చేయి తిరిగినవాళ్లకు కూడా ఒక్కో చదరానికి 20, 25 నిమిషాలు పడుతుంది.

కొలత గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. పూల చదరాల స్వెటర్ చాలామందికి పెద్దదైపోవడానికో, చాలకపోవడానికో కారణం ఒక చదరాన్ని విడిగా కొలిచి లెక్క వేసుకోవడమే. విడిగా ఉన్నప్పుడు ముడుచుకునే చివరి వరస లూపులు, అతికాక పక్క చదరం లాగడంతో సాగుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి లెక్కా అతికి, తడిపి, ఆరబెట్టిన చదరం మీదే ఉంటుంది.

దారం

స్వెటర్ పల్చగా రావాలంటే లేబుల్ మీద 'ప్లై' అనే అంకె చూసి కొనకండి. అది ఎన్ని పోగులు కలిపి పేనారో చెబుతుందే తప్ప దారం ఎంత లావో చెప్పదు. మీటర్లు చూడండి. 100 గ్రాములకు 320 నుంచి 360 మీటర్లు ఉన్న దారం ఈ పనికి సరైనది. 250 మీటర్ల కంటే తక్కువ ఉంటే పువ్వు మొద్దుగా వస్తుంది, స్వెటర్ బరువెక్కి భుజాల దగ్గర సాగుతుంది. మరీ సన్నటి లేసు దారం తీసుకుంటే ఇదే చదరం 6 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు చదరాల సంఖ్య రెండింతలు దాటుతుంది.

ఒక్కో చదరానికి సుమారు 8.5 మీటర్లు పడుతుంది. 94 చదరాలకు 800 మీటర్లు, అంచులకు మరో 30, 40 మీటర్లు. నమూనాలకు, చేతి బిగువులో తేడాలకు కలిపి 1000 మీటర్లు, అంటే 300 గ్రాములు కొనండి. అన్ని ఉండలకూ లాట్ నంబరు ఒకటే ఉండాలి. తెల్ల దారంలోనూ లాటు మారితే ఛాయ మారుతుంది. ఉండ పక్కన ఉండ పెట్టినప్పుడు కనబడకపోయినా, అల్లాక వీపు మీద గీత గీసినట్టు తెలుస్తుంది.

విజయవాడ, రాజమండ్రి లాంటి చోట్ల చలికాలం ఉదయాలకూ ఏసీ ఆఫీసులకూ నూలు దారం హాయిగా ఉంటుంది. అయితే నూలు బరువైనది, తడిస్తే ఇంకా బరువెక్కి పొడవు సాగుతుంది. సగం నూలు, సగం యాక్రిలిక్ కలిసిన దారం సాగడం తక్కువ, ఆరడం తొందర. పూర్తి యాక్రిలిక్ అయితే మన ఉక్కపోతకు ఒంటికి అతుక్కుంటుంది, వద్దు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి వసంతకాలానికి అల్లుకునేవాళ్లు 100 గ్రాములకు 400 మీటర్లు వచ్చే సన్నటి మెరీనో ఉన్నితో ఇదే లెక్క వాడుకోవచ్చు. ఉన్ని తేలిక, అల్లిక ఆకారం నిలుస్తుంది.

మూడు రంగులు వాడాలనుకుంటే ఒక్కో చదరానికి పువ్వు మధ్య భాగానికి 1 మీటరు, రేకులకు 1.7 మీటర్లు, మిగతా చదరానికి 6.3 మీటర్లు చొప్పున లెక్కేసుకోండి. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకే రంగైతే చదరానికి రెండు కొసలు దాచాలి, మూడు రంగులైతే ఆరు. అంటే మొత్తం 564 కొసలు. మొదటి స్వెటర్‌కు ఒకే రంగు తీసుకోవడమే తెలివైన పని.

పనిముట్లు, కుట్ల పేర్లు

3 మి.మీ. హుక్ ప్రధానం. కొలత సరిచేసుకోవడానికి 2.75, 3.25 మి.మీ. హుక్కులు కూడా దగ్గర పెట్టుకోండి. హుక్కుల మీద ఉండే పాత నంబర్లు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి మిల్లీమీటర్లు చూసే కొనండి. కొసలు దాచడానికి మొన మొద్దుగా ఉన్న పెద్ద కంటి సూది, గుర్తులకు చిన్న పిన్నీసులు, కొలత టేపు, తుప్పు పట్టని గుండుసూదులు కావాలి. వంటింట్లో గ్రాములు చూపే తక్కెడ ఉంటే అదీ పనికొస్తుంది.

ఇక్కడ వాడినవన్నీ అమెరికన్ పేర్లు. బ్రిటిష్ పద్ధతిలో రాసిన పుస్తకాల్లో మన సింగిల్ క్రోషేను డబుల్ క్రోషే అనీ, మన డబుల్ క్రోషేను ట్రెబుల్ అనీ రాస్తారు. మీకు ఏది అలవాటో చూసుకోండి. ఈ మార్గదర్శిలో డబుల్ క్రోషే అంటే హుక్ మీద దారం ఒకసారి చుట్టి, లోపలికి దూర్చి లాగి, ఆపైన రెండు పోగుల చొప్పున రెండుసార్లు విప్పే కుట్టు.

చదరం: ఐదు వరసలు

ప్రతి వరసా ఒకే దిశలో, పైవైపు మీకే కనబడేలా అల్లాలి. ఎక్కడా తిప్పకూడదు.

1వ వరస. మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు) వేసి, 3 చైన్లు వేయండి. ఇవి మొదటి డబుల్ క్రోషేతో సమానం. రింగులో ఇంకో 15 డబుల్ క్రోషేలు వేసి, మొదటి 3 చైన్ల తలలో స్లిప్ స్టిచ్‌తో కలపండి. మొత్తం 16. మొదటి కొసను రింగుతోపాటు పట్టుకుని దాని మీదుగానే అల్లితే ఒక కొస దాచే పని ఇక్కడే అయిపోతుంది. మెర్సరైజ్డ్ (మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన) నూలు జారుడుగా ఉంటుంది, నాలుగు ఉతుకుల తర్వాత మ్యాజిక్ రింగ్ విచ్చుకోవచ్చు. అలాంటి దారమైతే 5 చైన్లు వేసి గుండ్రంగా కలిపి అందులో అల్లండి. మధ్యలో చిన్న రంధ్రం మిగులుతుంది కానీ ఎప్పటికీ ఊడదు.

2వ వరస, రేకులు. 3 చైన్లు వేసి, అదే కుట్టులో 2 డబుల్ క్రోషేలను చివరి విప్పు ఆపి, రెండూ కలిపి ఒకేసారి మూయండి. మొదటి రేక వచ్చింది. తర్వాత 4 చైన్లు, ఒక కుట్టు వదిలి, తర్వాతి కుట్టులో 3 డబుల్ క్రోషేలను చివరి విప్పు ఆపి, మూడూ కలిపి మూయాలి. ఇలా మొత్తం 8 రేకులు, 8 చైన్ సందులు రావాలి. చివరి 4 చైన్ల తర్వాత మొదటి రేక తలలో స్లిప్ స్టిచ్. ఈ దశలో పువ్వు అడ్డం 4.5 సెం.మీ. అటూ ఇటుగా ఉంటుంది.

3వ వరస, గుండ్రం నుంచి చదరం. స్లిప్ స్టిచ్‌తో మొదటి చైన్ సందులోకి జరగండి. అందులో 3 చైన్లు, 2 డబుల్ క్రోషేలు, 3 చైన్లు, 3 డబుల్ క్రోషేలు. ఇది మూల. తర్వాత 3 చైన్లు, పక్క సందులో 1 సింగిల్ క్రోషే, 3 చైన్లు. ఆ పక్క సందులో మళ్లీ మూల: 3 డబుల్ క్రోషేలు, 3 చైన్లు, 3 డబుల్ క్రోషేలు. ఇలా ఒక సందులో మూల, ఒక సందులో సింగిల్ క్రోషే వేసుకుంటూ చుట్టూ వచ్చి, స్లిప్ స్టిచ్‌తో కలపండి. 4 మూలలు, 4 సింగిల్ క్రోషేలు ఉండాలి.

4వ వరస. రెండు డబుల్ క్రోషేల మీదుగా స్లిప్ స్టిచ్‌లతో మూల సందులోకి వెళ్లండి. మూలలో మునుపటిలాగే 3 డబుల్, 3 చైన్లు, 3 డబుల్ (మొదటి డబుల్‌కు బదులు 3 చైన్లు). తర్వాత 2 చైన్లు, పక్కనున్న 3 చైన్ల సందులో 3 డబుల్, 2 చైన్లు, దాని పక్క సందులో 3 డబుల్, 2 చైన్లు, తర్వాతి మూల. చుట్టూ పూర్తయ్యాక 48 డబుల్ క్రోషేలు, వైపుకు మూడు చొప్పున 12 చిన్న సందులు ఉంటాయి. ఒక వైపు కొలత దాదాపు 7.5 సెం.మీ.

5వ వరస, లూపులు. మూల సందులోకి జరిగి 1 చైన్, 1 సింగిల్ క్రోషే, 7 చైన్లు, అదే సందులో మళ్లీ 1 సింగిల్ క్రోషే. ఇది మూల లూప్. తర్వాత 7 చైన్లు, చిన్న సందులో సింగిల్ క్రోషే. దీన్ని మూడు సందుల్లోనూ చేసి, మరో 7 చైన్లు వేసి తర్వాతి మూలకు వెళ్లండి. వైపుకు 4 లూపులు, మూలకు 1 చొప్పున మొత్తం 20 లూపులు రావాలి. ముగించి 12 సెం.మీ. కొస వదిలి కత్తిరించండి.

పువ్వు గిన్నెలా పైకి లేస్తే లోపం చాలావరకు 2వ వరసలోనే ఉంటుంది. రేకుల మధ్య చైన్లు బిగువుగా పడి ఉంటాయి, లేదా 4కు బదులు 3 వేసి ఉంటారు. చదరం అంచు అలల్లా ముడుచుకుంటే 4వ వరసలో ఎక్కడో ఒక సందులో 3 డబుల్ క్రోషేల గుత్తులు రెండు పడ్డాయన్నమాట, 48 లెక్కపెట్టి చూడండి. 1వ, 2వ వరసలు చదునుగానే ఉండి 3వ వరస దగ్గర మాత్రమే లాగేస్తుంటే, సింగిల్ క్రోషేకు అటూ ఇటూ ఉన్న చైన్లు వదులుగా వేయాలి. చైన్ బిగువు, డబుల్ క్రోషే వదులు అనే చేతులు చాలా ఉంటాయి. అలాంటివాళ్లు చైన్లు వేసేటప్పుడు హుక్ మొనకు దగ్గర్లో కాకుండా దాని పూర్తి లావు ఉన్నచోట దారం నిలిచేలా చూసుకోవాలి.

నాలుగు చదరాల పరీక్ష

రెండు రెండుగా నాలుగు చదరాలు అతికి (పద్ధతి కింద ఉంది), గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, తువ్వాలులో చుట్టి ఒత్తి, పరిచి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక వైపు 18 సెం.మీ. ఉండాలి. అంటే చదరానికి 9. తక్కువ వస్తే 3.25 హుక్, ఎక్కువ వస్తే 2.75 హుక్ వాడండి. ఆ తర్వాత ఆ ముక్కను పై అంచు పట్టి క్లిప్పులతో ఒక రాత్రంతా వేలాడదీయండి. పొడవు 18.5 అయితే మీ స్వెటర్ 54 బదులు 55.5 సెం.మీ. దాకా దిగుతుందని ముందే తెలుస్తుంది. 19 దాటితే ఆ దారం ఈ పనికి మెత్తన, వేరే ఏదైనా చూడండి.

ఈ నాలుగింటినే తక్కెడలో తూచి నాలుగుతో భాగిస్తే ఒక చదరం బరువు తెలుస్తుంది. 2.5 గ్రాముల దగ్గర ఉండాలి. 3 దాటితే 300 గ్రాముల దారం అంచులకు మిగలదు.

కొలత మార్చుకోవడం

ఒంటి చుట్టూ 12 చదరాలు. 2.75 హుక్‌తో చదరం 8.5 వస్తే చుట్టుకొలత 102 సెం.మీ., 3తో 108, 3.25తో 9.5 చొప్పున 114. ఒంటి కొలత కంటే స్వెటర్ 10 నుంచి 18 సెం.మీ. ఎక్కువ ఉండాలి.

అంతకంటే పెద్దది కావాలంటే ముందు భాగంలో ఒక చదరం పెంచుదామని అనిపిస్తుంది. అది కుదరదు. ముందు 7 చదరాలైతే 2 చదరాల మెడ మధ్యకు రాదు. 3 వదిలితే మెడ 27 సెం.మీ. అయి భుజాలు జారతాయి. దానికి బదులు రెండు చంకల కింద ఒక్కో నిలువు వరస చేర్చండి. అప్పుడు చుట్టూ 14 చదరాలు, 126 సెం.మీ. చంక కింది చదరం పై అంచు కూడా చేతికి అతుకుతుంది కాబట్టి చేతి చుట్టు 4 బదులు 5 చదరాలవుతుంది. మొత్తం 108 చదరాలు, 350 గ్రాముల దారం. పైగా చంక దగ్గర ఒత్తిడి కూడా తగ్గుతుంది.

చదరాల పటం

గళ్ల కాగితం మీద గీసుకోండి. వెనక భాగం అడ్డం 6, నిలువు 6, మొత్తం 36. ముందు భాగం కూడా అంతే కానీ పైవరసలో మధ్య రెండూ ఉండవు, అక్కడ మెడ. అంటే 34. ఒక్కో చేతికి చుట్టూ 4, పొడవు 3, అంటే 12 చొప్పున 24. కింది నుంచి నాలుగు వరసలు ముందు, వెనక కలిసి గొట్టంలా ఉంటాయి. 5, 6 వరసలు విడివిడిగా ఉంటాయి, వాటి పక్క అంచులే చేతులు దూరే చోటు. మెడ వైపు నుంచి ఒక్కో భుజానికి రెండు చదరాలు.

మోచేతి పైనే ఆగే చేతులు చాలనుకుంటే చేతికి రెండు వరసలే అల్లండి, 8 చదరాలు తగ్గుతాయి.

అతుకుపని

పువ్వులు విడిగా అల్లి తర్వాత కలపడం క్రోషేలో పాత పద్ధతే. ఐర్లండ్‌లో 1840ల కరువు కాలంలో బతుకుతెరువుగా పెరిగిన లేసు పనిలో పువ్వులు, ఆకులు వేరువేరు చేతులు అల్లితే, వాటిని వలలాంటి అల్లికతో కలిపేవారు. మన పశ్చిమ గోదావరిలో నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ల లేసు పనిలోనూ పువ్వులు అల్లేవాళ్లు ఒకరు, అతికేవాళ్లు మరొకరు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అతుకు సరిగా లేకపోతే ఎంత మంచి పువ్వైనా వంకరగా కనిపిస్తుంది. కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

మొదటి చదరం ఒక్కటే పూర్తిగా విడిగా ముగుస్తుంది. మిగతా వాటిని 4వ వరస దాకా అల్లి, 5వ వరసలో అతుకుతారు. అతికే వైపు ప్రతి లూపులో 7 చైన్లకు బదులు: 3 చైన్లు వేయండి, హుక్ లూపులోంచి తీయండి, పక్క చదరం లూపులోకి పైనుంచి కిందికి దూర్చి, వదిలిన లూపును పట్టి పైకి లాగండి, మళ్లీ 3 చైన్లు. రెండు చదరాలూ పైముఖంగానే ఉండాలి. ఇలా లాగితే అతుకు చదునుగా ఉంటుంది. సింగిల్ క్రోషేతో అతికితే గట్టిగానే ఉంటుంది కానీ గట్టు లేస్తుంది, పల్చటి దారంలో అది బాగా కనబడుతుంది.

ఒక వైపు అతకడమంటే రెండు మూలలు, మధ్య నాలుగు లూపులు, మొత్తం ఆరు అతుకులు. ఐదే వచ్చాయంటే ఎక్కడో ఒక లూపు జారిపోయింది. అక్కడే విప్పండి, ముందుకు పోయి వెనక్కి వస్తే నష్టం రెండింతలు.

నాలుగు మూలలు కలిసేచోట అసలు చిక్కు. మొదటి రెండు చదరాలు ఒకదాని మూల లూపులో మరొకటి కలుస్తాయి. మూడోది, నాలుగోది వచ్చినప్పుడు దొరికిన లూపులో కాకుండా, ఆ మొదటి రెంటినీ కలిపిన అతుకులోనే హుక్ దూర్చాలి. నాలుగూ ఒకే బిందువు దగ్గర ముడిపడాలి. పక్కపక్క లూపుల్లో అతికితే మూలలు గాలిమరలా తిరిగి, వరసలు అర సెంటీమీటరు చొప్పున పక్కకు జరుగుతాయి. ఆరో వరసకు వచ్చేసరికి పక్క గీత ఏటవాలుగా కనిపిస్తుంది.

చదరాలను ముందే 4వ వరస దాకా అల్లి దాచుకోవాలంటే 2.5 మీటర్ల దారం వదిలి కత్తిరించండి. 5వ వరసకు రెండు మీటర్ల పైచిలుకు పడుతుంది. తక్కువ వదిలితే సగంలో కొత్త దారం కలపాలి, మరో రెండు కొసలు పెరుగుతాయి. బస్సులో, టీవీ ముందు పువ్వులు అల్లి, వెలుతురు బాగున్న చోట కూర్చుని అతికేవాళ్లకు ఈ పద్ధతి బాగుంటుంది.

కూర్పు వరస

కింది అంచు నుంచి మొదలుపెట్టండి. 1వ వరసలో 12 చదరాలు ఒకదాని పక్కన ఒకటి అతుకుతూ, 12వ దాన్ని 11వ దానికీ 1వ దానికీ కలిపి చుట్టు మూయండి. మూసే ముందు పట్టీ మెలిక పడలేదని చూసుకోవాలి. 2, 3, 4 వరసల్లో ప్రతి చదరం కింది దానికీ పక్క దానికీ అతుకుతుంది, చివరిది మూడు వైపులా. 48 చదరాలయ్యాయి.

ముందు భాగం 5వ వరస: 6 చదరాలు, అటూ ఇటూ అంచులు ఖాళీగా. 6వ వరస: ఎడమ రెండు, కుడి రెండు. తర్వాత వెనక భాగం 5వ వరస 6 చదరాలు. చివరగా వెనక 6వ వరస అల్లుతూనే భుజాలు కలపాలి: మొదటి రెండు, చివరి రెండు చదరాల పై అంచులు ముందు భాగం చదరాల పై అంచులకు అతుకుతాయి.

భుజం మీద మెడ వైపు చదరంలో మూల లూపును, దాని పక్కనే ఉన్న మొదటి లూపును అతక్కుండా వదిలేయండి. రెండు భుజాల దగ్గరా ఇలాగే. అతికేస్తే మెడ చుట్టు 54 సెం.మీ. మాత్రమే ఉంటుంది, అంచు కట్టాక ఇంకా తగ్గి పెద్దవాళ్ల తల దూరదు. వదిలితే 63 దాకా వస్తుంది. భుజాలు కలిపిన వెంటనే ఒకసారి తొడిగి చూడండి. చేతులు అల్లాక తెలిస్తే సరిచేయడం కష్టం.

చేతి మొదటి చుట్టు: 1వ చదరం ముందు భాగం 5వ వరస పక్క అంచుకు, 2వది ముందు 6వ వరసకు, 3వది వెనక 6వ వరసకు, 4వది వెనక 5వ వరసకు అతుకుతాయి. 4వది 1వ దానితో కూడా కలుస్తుంది. చంక దగ్గర ఇప్పుడు ఆరు మూలలు ఒకే చోటికి వస్తాయి. మామూలుగా అతికితే అక్కడ గుంజుతుంది, చేయి ఎత్తితే స్వెటర్ మొత్తం పైకి లేస్తుంది. అందుకని చేతి 1వ, 4వ చదరాల చంక మూల లూపుకు మాత్రం 3+3 బదులు 4+4 చైన్లు వేయండి. తర్వాత రెండు చుట్లు మామూలే. చేతి చివర కాస్త సన్నగా కావాలంటే చివరి చుట్టుకు 2.75 హుక్ వాడితే 36 సెం.మీ. చుట్టు 34కు వస్తుంది.

అంచులు

కింది అంచు మొదటి చుట్టు: ప్రతి చదరం నాలుగు లూపుల్లో ఒక్కో సింగిల్ క్రోషే, మధ్యలో 4 చైన్లు, రెండు చదరాలు కలిసే అతుకులో 1 డబుల్ క్రోషే, దానికి అటూ ఇటూ 4 చైన్లు. చదరానికి 5 సందుల చొప్పున 60 సందులు వస్తాయి. రెండో చుట్టు: ప్రతి సందులో 4 సింగిల్ క్రోషేలు, మొత్తం 240. ఇది అంచును 100 సెం.మీ. దగ్గరకు లాగి నిలబెడుతుంది. తుంటి దగ్గర పట్టకూడదనుకుంటే 5 చైన్లు, 5 సింగిల్ క్రోషేలు వేయండి. అంచు గంటలా విచ్చుకుంటే కుట్లు ఎక్కువైనట్టు, ఒంటిని కొరికినట్టుంటే తక్కువైనట్టు.

ముంజేతి అంచుకు ఇదే పద్ధతి, 3 చైన్లు, 3 సింగిల్ క్రోషేలతో. 20 సందులు, 60 కుట్లు.

మెడకు మళ్లీ 4 చైన్లు, 4 సింగిల్ క్రోషేలే. ముందు మెడ అడుగున రెండు లోపలి మూలల్లో డబుల్ క్రోషే వేయకండి, 2 చైన్లతో దాటేయండి. లేకపోతే మూల దగ్గర మడత పడుతుంది. భుజం దగ్గర వదిలేసిన మూల లూపుల్లో మాత్రం సింగిల్ క్రోషే వేయాలి. అంచు మొదటి చుట్టు అవగానే తల దూరుతోందో లేదో మళ్లీ చూడండి.

కొసలు

చివరికి మిగిలితే ఎవరికీ ఓపిక ఉండదు, పది చదరాలకోసారి దాచేయండి. లూపుల చైన్లలోకి ఎక్కించవద్దు, పల్చటి పనిలో లావుగా కనబడి బయటపడతాయి. సూదితో 4వ వరస డబుల్ క్రోషేల అడుగు దాకా తీసుకెళ్లి, ఒక వైపు మూడు సెంటీమీటర్లు, వెనక్కి ఒక పోగు దాటి రెండు సెంటీమీటర్లు పంపండి. ఆ ఒక్క పోగు దాటడమే కొస ఊడకుండా పట్టి ఉంచుతుంది.

తడిపి ఆకారం పెట్టడం, ఉతుకు

పూర్తయిన స్వెటర్‌ను నానబెట్టి, పిండకుండా తువ్వాళ్లలో చుట్టి ఒత్తండి. పరుపు మీద దుప్పటి పరిచి, వెడల్పు 54, పొడవు 54 వచ్చేలా సర్ది, మూలల అతుకుల దగ్గర గుండుసూదులు గుచ్చండి. లూపుల్లో గుచ్చితే అవి కోసుగా సాగిపోతాయి. నూలైతే ఆరాక పల్చటి గుడ్డ కప్పి ఆవిరి ఇస్త్రీ చేయవచ్చు. యాక్రిలిక్ కలిసిన దారానికి ఇస్త్రీ పెట్టె ఆనకూడదు, వేడికి పోగు చచ్చి అల్లిక వేలాడిపోతుంది.

ఉతికిన ప్రతిసారీ పరిచే ఆరబెట్టాలి. తాడు మీద వేస్తే నీటి బరువుకు భుజాలు సాగుతాయి. బీరువాలో కూడా హ్యాంగరుకు వద్దు, మడత పెట్టండి.

వాడుకలో తెగేది దాదాపు ఎప్పుడూ 5వ వరస లూపే. గాజులకో, ఉంగరానికో తగులుకుంటుంది. తెగిన రెండు కొసలనూ వెంటనే పిన్నీసుతో పట్టి ఉంచండి. అదే దారం 30 సెం.మీ. తీసుకుని, ఒకవైపు సింగిల్ క్రోషే నుంచి మొదలుపెట్టి 3 చైన్లు, పక్క లూపుతో అతుకు, 3 చైన్లు వేసి రెండో వైపు కలిపితే చాలు. చదరం విప్పనక్కర్లేదు. దీనికోసమే పని ముగిశాక పది మీటర్ల దారం విడిగా దాచాలి. స్వెటర్‌తోపాటే ఉతికితే ఛాయ కూడా కలిసే ఉంటుంది.